ఎక్స్‌ట్రా

గురువారం పొద్దున, గ్రౌండులో కలుపు తీసే కొమురమ్మ క్లబ్బు పెద్దగేటు దగ్గరికి వచ్చేసరికి వాచ్‌మన్ బసవపున్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. రోజూ ఆమెను చూడగానే గేటు తీసే చెయ్యే అది.

“ఇటు కాదమ్మా. ఇవాళ్టి నుంచి మీరు వెనక గేటు నుంచి రావాలంట.”

“మేమంటె ఎవలు?”

“ఏజెన్సీ వాళ్లు.”

“నేనెప్పుడు ఏజెన్సీల కలిసిన?”

“నిన్నే కలిపేశారు. గ్రౌండు మొత్తం కాంట్రాక్టుకిచ్చేశారు కదా, గ్రౌండుతో పాటు నువ్వూను.” బసవపున్నయ్య గొంతు తగ్గించాడు. “నా మీద కోపం పెట్టుకోకు. రేపు ఈ గేటు కూడా ఎవరికో ఇచ్చేస్తే నేను ఎటు నుంచి రావాలో నాకే తెలీదు.”

వెనక గేటంటే చెప్పినంత తేలిక కాదు. క్లబ్బు గోడ కొండవాలు వెంట పోతుంది. దాని పక్కనే నడిచి, ఒక నిర్మాతగారి మేడ, ఒక డబ్బింగ్ స్టూడియో, కుక్కలకు క్షవరం చేసే ఏసీ షాపు దాటుకుని, చెత్తబండ్లు నిలిపే సందులోంచి లోపలికి రావాలి. బోరబండ నుంచి షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వచ్చిన కొమురమ్మ మోకాళ్లు ఆ ఎత్తు ఎక్కేసరికి మొండికేశాయి. సందులో గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. ఈ గోడ లోపలి వైపు ఎక్కడ పెచ్చులూడిందో కూడా ఆమెకు తెలుసు. బయటి వైపు ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో చూడాల్సిన పని పడలేదు.

లోపల ఏజెన్సీ సూపర్‌వైజర్ జగదీశ్ ఎదురొచ్చాడు. వెంగళరావు నగర్ వాడు, చక్కటి మాటకారి. చేతిలో ఆకుపచ్చ టీషర్టుల కట్ట ఉంది.

“రా పెద్దమ్మా. నీ కోసమే చూస్తున్న. ఇగో, ఇది చీర మీద తొడుక్కో. చూడు, పేరు గూడ వేయించిన.”

కొమురమ్మకు చదువు రాదు గాని తన పేరు కనబడితే పోల్చుకుంటుంది. జేబు పైన తెల్లటి అక్షరాల్లో కొమురమ్మ అని ఉంది. ఎంత కోపంలో ఉన్నా ఆ అక్షరాల మీద వేలు రాసి చూడకుండా ఉండలేకపోయింది. క్లబ్బు వాళ్లు ఇన్నాళ్లలో ఆమె పేరును ఎక్కడా రాయించిన పాపాన పోలేదు.

“తక్కినయి ఎవలయి?” అంది కట్ట చూపిస్తూ.

“మన స్టాఫ్‌వి. ఎనిమిది మందిమి అని కమిటీకి చెప్పినం కద.”

“ఏరి ఎనిమిది మంది?”

జగదీశ్ నవ్వాడు. అవతల ఒడిశా నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు గడ్డి కోసే మిషన్‌తో కుస్తీ పడుతున్నారు. వాళ్లిద్దరు, కొమురమ్మ. ఏజెన్సీ సైన్యం అంతే.

“ఆదివారం కమిటీ ఇన్‌స్పెక్షన్ ఉంది పెద్దమ్మా. సెక్రటరీ త్రినాథరావు సారే వస్తున్నడు. గా ఇన్‌స్పెక్షన్ పాసైతెనే మనకు కాంట్రాక్ట్ పక్కా. మనకు పక్కా అయితే నీ నౌకరీ పక్కా. లేదంటె ఇంకో ఏజెన్సీ వస్తది. వాళ్లు నీ తెల్లవెంట్రుకలు చూసి ఉంచుకుంటరో లేదో నాకెరుక లేదు.”

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. నెల కిందట సున్నం గీతలు గీసే జంగయ్యను పొమ్మన్నారు. ఆయన బోరబండ అడ్డా మీద కూలికి నిలబడుతున్నాడు. మేస్త్రీలు వచ్చి ఆయన పక్కన నిలబడ్డవాణ్ణి పిలుచుకుపోతారట. జంగయ్య ఆ సంగతి నవ్వుతూ చెప్పినప్పుడు కొమురమ్మకు నవ్వు రాలేదు. ఆ అడ్డా మీద తను నిలబడితే కనీసం పక్కదాన్ని పిలవడానికైనా ఎవరూ ఆగరని ఆమెకు తెలుసు.

టీషర్టు తొడుక్కుంది.

శుక్ర, శనివారాలు ఆమె చేసిన పని చూస్తే ఇది కూలికి చేసే పని అని ఎవరూ అనుకోరు. పొద్దెక్కక ముందే ట్రాక్ మధ్యనున్న క్రికెట్ మైదానంలో కూర్చునేది. పచ్చగడ్డిలో తుంగ అనే కలుపు పట్టింది. దూరం నుంచి చూస్తే అదీ పచ్చగానే ఉంటుంది, ఇంకా నిగనిగలాడుతుంది కూడా. ఒడిశా వాళ్లు మిషన్‌తో దాని తల కోసేసి పోతారు. కొమురమ్మ చిన్నపార మొనను తుంగ పక్కగా దింపి, మట్టి వదులు చేసి, కింద నల్లటి గడ్డ ఊడి వచ్చేదాకా ఊపేది. గడ్డను కొంగులో వేసుకునేది. అక్కడే పారేస్తే మళ్లీ మొలుస్తుంది.

తర్వాత జంగయ్య పని కూడా మీదేసుకుంది. పరుగు బాట మీద రెండు మేకులు దిగ్గొట్టి తాడు బిగించింది. అడుగున బొక్కలు కొట్టిన నూనెడబ్బాలో సున్నంపొడి పోసుకుని, తాడు వెంట వెనక్కి నడుస్తూ డబ్బాను అరచేత్తో తట్టుకుంటూ పోయింది. ముందుకు నడిస్తే గీతను తన కాలే తొక్కుతుంది. వెనక్కి నడిస్తే నడుము పట్టేస్తుంది. శనివారం సాయంత్రానికి జుట్టు, కనుబొమ్మలు అన్నీ సున్నం పట్టి ఆమే ఒక గీతలా తయారైంది.

ఆ రెండు రోజులూ త్రినాథరావు ఎప్పటిలా పొద్దున నడకకు వచ్చాడు. సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరుగా మొదలై, నిర్మాతై, ఇప్పుడు క్లబ్బు సెక్రటరీగా స్థిరపడ్డ మనిషి. చెవుల్లో ఏవో పెట్టుకుని గాలితో మాట్లాడుతూ ట్రాక్ చుట్టూ తిరుగుతాడు. ఆయన దగ్గరికి రాగానే కొమురమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, “నమస్తే సార్,” అంటుంది. ఆయన చెయ్యి ఎత్తుతాడు. అది ఆమెకు పెట్టే నమస్తేనో, ఫోన్లో ఉన్న మనిషితో చేసే వాదనో చెప్పడం కష్టం. కొమురమ్మ మాత్రం నమస్తే కిందే జమ వేసుకునేది.

ఆదివారం పొద్దున వెనక గేటు దగ్గర వ్యాను ఆగింది. అందులోంచి కొందరు ఆడవాళ్లు, మగవాళ్లు దిగారు. దిగడం దిగడమే ఒక పక్కగా నిలబడి, ఎవరో చెప్పేదాకా కదలని మనుషులు వాళ్లు. తోడొచ్చిన కోఆర్డినేటర్ ఫోన్లోంచి తలెత్తకుండానే జగదీశ్‌ను పలకరించాడు.

“కెమెరా ఎటు వైపు సార్?” అని ఒకతను అడిగాడు.

“కెమెరా లేదన్నా. కమిటీ ఉంది,” అన్నాడు జగదీశ్.

కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు వాళ్లు. ఎనిమిది టీషర్టులకు మనుషుల్ని నింపడానికి జగదీశ్‌కు తోచిన ఉపాయం ఇది. చుట్టూ సినిమావాళ్లే ఉన్నచోట అంతకంటే దగ్గరి దారి ఇంకెవరికీ తోచదు. కొమురమ్మకు సంగతి అర్థమైంది. మోసమే. అయినా అది పాసైతేనే తన నౌకరీ ఉంటుంది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మనసులో తయారు చేసుకోవడం మొదలుపెట్టింది.

వచ్చినవాళ్లలో ఆమె వయసు ఆడమనిషి ఒకామె ఉంది. నుదుట పెద్ద బొట్టు, అరిగిపోయిన నేత చీర. నేరుగా వచ్చి కొమురమ్మ పక్కన గొంతుక్కూర్చుంది.

“అక్కా, నా పేరు శేషారత్నం. ఎలా పట్టుకోవాలో చూపించండి. పొలం సీన్లలో కలుపు తీశాను గానీ అక్కడ ముందే పీకి గుచ్చి ఉంచుతారు.”

కొమురమ్మకు నవ్వొచ్చింది. పార చేతికిచ్చి చూపించింది. తన ఫ్లాస్కులోంచి మూతలో చాయ పోసిచ్చింది.

“మీ సెక్రటరీ త్రినాథరావుగారేనా? ఆయన సినిమాల్లో ఎన్నిట్లో నిలబడ్డానో. పెళ్లిపందిట్లో, ఆస్పత్రి వరండాలో, శవం చుట్టూ. ఇప్పుడు పిలుపుల్లేవక్కా. పదిమందిని నిలబెట్టి కంప్యూటర్లో వెయ్యిమందిని చేసేస్తున్నారు. ఆ పదిమందిలోకి కూడా వయసులో ఉన్నవాళ్లే కావాలి.” శేషారత్నం చాయ ఊదుకుంది. “ఇవాళ కూడా డైలాగ్ లేదన్నారు. ఊరికే పని చేస్తున్నట్టు ఉంటే చాలంట.”

ఇంతలో జగదీశ్ తలలు లెక్క పెట్టి మళ్లీ పెట్టాడు. “ఏంది భయ్యా ఇది? ఒకరు ఎక్స్‌ట్రా ఉన్నరు.”

శేషారత్నం చాయ మూత కింద పెట్టి లేచింది. “బాబూ, ఆ మాట అనకండి. ఎక్స్‌ట్రాలని పిలిచే రోజులు పోయాయి. జూనియర్ ఆర్టిస్టులం. యూనియన్ కార్డుంది.”

“మిమ్మల్ని కాదమ్మా! లెక్కల ఒకరు ఎక్కువైన్రు అంటున్న.”

కోఆర్డినేటర్ ఇప్పుడు తలెత్తాడు. “ఎవరైనా రాకపోతే ఇబ్బందని ఒకరిని కలిపి పంపడం మా పద్ధతి. వచ్చినవాళ్లను వెనక్కి పంపే పద్ధతి లేదు.”

ఎనిమిది టీషర్టులు. తొమ్మిది మంది మనుషులు. కమిటీకి ఎనిమిది అని చెప్పాక తొమ్మిదో మనిషి కనబడితే అదో ప్రశ్న. జగదీశ్ ఒడిశా వాళ్ల వైపు చూశాడు. వాళ్లలో ఒకడు మిషన్ నడపాలి, ఒకడు నీళ్ల మోటారు చూడాలి. జూనియర్ ఆర్టిస్టుల వైపు చూశాడు. చివరికి చూపు కొమురమ్మ మీద ఆగింది.

“పెద్దమ్మా, జర ఆ పంపురూముల కూసో. గంటసేపే. టీషర్టు ఈ అమ్మకియ్యి.”

“నేను గాడ కూసుంటె తుంగ ఎవలు దీస్తరు?”

“ఇయ్యాల తుంగ తీసుడు కాదు. తీస్తున్నట్టు కనవడుడు ముఖ్యం. ఆమె నీకంటె మంచిగ కనవడ్తది. ఫికర్ జెయ్యకు, ఇది నీ నౌకరీ కోసమే.”

తన నౌకరీ కోసం తను దాక్కోవడమేమిటో కొమురమ్మకు అంతుపట్టలేదు. అయినా టీషర్టు తల మీంచి తీసింది. మెడ దగ్గర చెమటకు తడిసి ఉంది. శేషారత్నం దాన్ని రెండు చేతులతో అందుకుంది. జేబు మీది పేరు చదివి కొమురమ్మ మొహంలోకి చూసింది.

పంపురూము గోడకు గాలి కోసం వదిలిన ఇటుక సందులున్నాయి. కొమురమ్మ లోపల బోర్లించిన బకెట్ మీద కూర్చుని చూసింది.

త్రినాథరావు తెల్లటి బట్టల్లో వచ్చాడు. వెంట కమిటీవాళ్లు. వాళ్లలో మనోజ్ఞ అనే అమ్మాయి ఫోన్‌తో ఫొటోలు తీస్తోంది. గీతలు చూసి, “వావ్, ఎంత నీట్‌గా గీశారో!” అంది. ఏజెన్సీ వచ్చాకే ఈ తీరు వచ్చిందని ఒకాయన అన్నాడు. జగదీశ్ వినయంగా తల వంచాడు. వెనక్కి నడిచి నడిచి నడుము పట్టేసిన మనిషి ఇటుక సందులోంచి ఆ పొగడ్త వింది.

మైదానంలో శేషారత్నం పని చేస్తోంది. పని చేస్తున్నట్టు ఉండటం అంటే అదీ! చెంగుతో నుదురు తుడుచుకునే తీరు, నడుము మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆకాశంలోకి చూసే తీరు. పీకుతున్నది తుంగ కాదు, మంచి గడ్డి. అయినా ఎంత బాగుందో! కొమురమ్మకే ఆమెను చూస్తే జాలేసింది.

“పాత స్టాఫ్ ఎవరూ పోలేదు కదా? బయట నానా మాటలూ అంటున్నారు,” అన్నాడు త్రినాథరావు.

“ఒకావిడ ఉన్నారు సార్. కొమురమ్మ అని ఆఫీసువాళ్లు చెప్పారు. అందుకే శాలువా తెప్పించాను. ఫొటో మన గ్రూపులో పెడితే ఎవరూ నోరెత్తరు,” అంది మనోజ్ఞ.

జగదీశ్ మొహంలో నెత్తురు లేదు. శాలువా సంగతి అతనికెవరూ చెప్పలేదు. త్రినాథరావు టీషర్టుల మీది పేర్లు చదువుకుంటూ వచ్చి శేషారత్నం ముందు ఆగాడు.

“కొమురమ్మా! నువ్వేనా!” ఆయన గొంతు నిజంగానే కదిలింది. “ఈ మొహం నాకు తెలీకపోవడమేంటి? ఎన్నేళ్లుగా చూస్తున్నాను ఈవిణ్ణి! ఎప్పుడు చూసినా ఒక మూల నిలబడి తన పని తాను చేసుకుపోతుంది. ఒక్క రోజు పెదవి విప్పి నాకిది కావాలని అడగలేదు.”

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. అన్నీ శేషారత్నం గురించే.

శేషారత్నం పంపురూము వైపు ఒకసారి చూసింది. ఎదురుగా మనోజ్ఞ ఫోన్ పైకెత్తింది. శేషారత్నం చేతులు జోడించి తల వంచింది. భుజాల మీద శాలువా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు, మిగతా జూనియర్ ఆర్టిస్టులు అందరికంటే గట్టిగా కొట్టారు.

“కాంట్రాక్టుకు అభ్యంతరం లేదయ్యా. కానీ ఒక్క షరతు. ఈవిణ్ణి తీయడానికి వీల్లేదు. రోజూ పొద్దున నేను నడకకొస్తే ఈ మొహం నాకు కనబడాలి,” అన్నాడు త్రినాథరావు.

కొమురమ్మ బకెట్ మీంచి లేచింది. బయటికి పోయి ఆ పేరు నాది అని అరవాలనిపించింది. రోజూ లేచి నమస్తే పెట్టిన మొహం ఇది, ఇటు చూడు అని అడగాలనిపించింది. అరిస్తే ఏమవుతుందో కూడా అదే క్షణాన తెలిసింది. ఏజెన్సీ పోతుంది, ఏజెన్సీతో పాటు తనూ పోతుంది. తలుపు గడియ మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఒళ్లంతా మండిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు.

అందరూ పోయాక శేషారత్నం పంపురూము దగ్గరికి వచ్చింది. శాలువా మడిచి చేతిలో పట్టుకుంది.

“అక్కా, చెబుదామనుకున్నాను. ఒట్టు. కానీ కెమెరా పెట్టాక నోరు తెరవడం మాకు అలవాటు లేదు. ఇది మీది.”

“నాకెందుకు? ఆయన నిన్ను చూసే కప్పిండు.”

శేషారత్నం శాలువాను కొమురమ్మ సంచిలో కుక్కేసింది. ఈలోగా జగదీశ్ వచ్చాడు. గండం గడిచిన ఆనందం, కొత్త గండం వచ్చిన కంగారు రెండూ అతని మొహంలో ఉన్నాయి. ముందు శేషారత్నంతో మాట్లాడాడు. రేపటి నుంచి రోజూ రావాలి, ఈ టీషర్టే తొడుక్కోవాలి, పేరు అడిగితే కొమురమ్మ అని చెప్పాలి.

“రోజూనా? నెలంతా పని ఉంటుందా?” అంది శేషారత్నం. ఆ అడగడంలో ఉన్న ఆశ చూశాక ఆమెను తిట్టడానికి కొమురమ్మకు నోరు రాలేదు. తిట్టగలిగితే బాగుండుననిపించింది.

“మరి నేను?” అంది.

“నీ పేరుకైతే నౌకరీ పక్కా అయింది పెద్దమ్మా,” అన్నాడు జగదీశ్. తన మాట తనకే ఎలాగో వినబడినట్టుంది, చూపు తిప్పుకున్నాడు. “నువ్వు గూడ రా. నువ్వు లేకపోతె గీతలు ఎవలు గీస్తరు? ఈమెకు చాతగాదు గద. కని పాత పేరు వద్దు. ఇంకేదన్న పేరు జెప్పు. కొత్తగ చేరిన అని జెప్పు. సారు మొహాలు గుర్తు వెట్టుకుంటడు, చూసినవు గద.”

ఆ రాత్రి బోరబండలో ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? తన పేరును ఇంకో మనిషి తొడుక్కుందని చెబితే మతి పోయిందనుకుంటారు.

సోమవారం వెనక గేటు నుంచే లోపలికి వచ్చింది. జగదీశ్ ఇంకో టీషర్టు ఇచ్చాడు. దాని జేబు మీద ఏమీ రాసి లేదు. సంచిలోంచి పార తీయబోతే శాలువా చేతికి తగిలింది. జరీ అంచున్న మెరూన్ శాలువా. కాసేపు దాన్ని చూసింది. తర్వాత నాలుగు మడతలు వేసి, మంచుకు తడిసిన గడ్డి మీద పరిచి, దాని మీద మోకాళ్లు ఆనించి కూర్చుంది. మెత్తగా ఉంది.

పక్కన శేషారత్నం నిలబడి ఉంది, ఏం చెయ్యాలో తెలియక. తీస్తున్నట్టు కనబడటం ఆమెకు వచ్చు. రోజంతా తీయడం ఆమె ఎరగని వేషం.

త్రినాథరావు ట్రాక్ మలుపు తిరిగి వచ్చాడు. కొమురమ్మ అలవాటు చొప్పున లేచి, “నమస్తే సార్,” అంది. ఆయన ఆమెను దాటి శేషారత్నాన్ని చూసి చెవుల్లోవి తీసేశాడు.

“ఏం కొమురమ్మా, బాగున్నావా?” అన్నాడు ఆప్యాయంగా. అంతలోనే చూపు కిందికి పడింది. మొహం ముడుచుకుంది. “అదేంటి? నేను కప్పిన శాలువా కదా అది! ఎవరు నువ్వు? దాన్ని మోకాళ్ల కిందేసుకుంటావా? ఎక్కడ తీశావు?”

కొమురమ్మ శాలువా వైపు చూసింది. తనది కాదని చెబితే దొంగ. తనదని చెబితే అంతకంటే పెద్ద దొంగ.

“నేనే ఇచ్చానండి,” అంది శేషారత్నం. ఇన్నేళ్లలో త్రినాథరావు ముందు ఆమె పలికిన మొదటి మాట అది. “ఆవిడకు మోకాళ్ల నొప్పులండీ. అందుకని ఇచ్చాను.”

త్రినాథరావు శేషారత్నం వైపు ఒక అడుగు వేశాడు. “ఎంత గొప్ప మనసు కొమురమ్మా నీది! మేం కప్పిన శాలువా తీసి పనిమనిషి మోకాళ్ల కింద వేశావా? ఈ మాట కమిటీలో చెప్పాలి నేను.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత కొమురమ్మ వైపు తిరిగాడు. “విన్నావామ్మా? ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకునే అదృష్టం అందరికీ రాదు. కొత్తగా వచ్చావా? ఏం పేరు?”

అవతల మోటారు దగ్గర జగదీశ్ ఇటే చూస్తున్నాడు. కొమురమ్మ ఆయన కళ్లలోకి చూసింది. ఇంత దగ్గరగా ఆయన తన మొహాన్ని చూడటం ఇదే మొదటిసారి.

“ఔ సార్. కొత్తగనే వచ్చిన,” అంది. “నా పేరు శేషారత్నం.”

పక్కనున్న మనిషి ఉలిక్కిపడటం ఆమెకు తెలిసింది.

“శేషారత్నం. బాగుంది,” అన్నాడు ఆయన. ఆ పేరు ఆయనకేమీ గుర్తు చేయలేదు. చెవుల్లోవి మళ్లీ పెట్టుకుని నడక సాగించాడు.

ఆయన మలుపు తిరిగేదాకా ఇద్దరూ కదల్లేదు.

“అక్కా,” అంది శేషారత్నం సన్నగా, “నా పేరెందుకు చెప్పారు?”

“నా దాన్ని నువ్వు తొడుక్కుంటివి. నీది ఊకెనే ఉండె గద, ఎక్స్‌ట్రా.”

ఆ మాటకు శేషారత్నం ఈసారి ఎదురు చెప్పలేదు. యూనియన్ కార్డు మాట కూడా ఎత్తలేదు. కొమురమ్మ శాలువాను కొంచెం పక్కకు లాగి ఆమెకు చోటిచ్చింది. రెండో పార ఆమె చేతిలో పెట్టింది.

“కూసో కొమురమ్మా,” అంది. “నిన్న నువ్వు పీకినదంత మంచి గడ్డి. తుంగంత గట్లనే ఉంది. గడ్డతోని రావాలె, తెలిసిందా? ఇట్ల పక్కకెళ్లి దింపు.”